అమెర్లే దశమాంశ విజయము

గొంతు తగ్గించి చెప్పెదను, దగ్గరగా జరిగి వినుడు. ఇది కేకలు వేసి చెప్పదగిన కథయే కాని, కాలము అట్టిది కాదు. పండుగ మొక్కజొన్న విత్తనము మట్టిలో కన్ను తెరచునంత వరకు సముద్రుడు తప్ప మరెవ్వరును నోరు విప్పరాని మౌనమాసమది. అక్రా పట్టణమునకు తూర్పు కొంగువలె తీరము వెంట పరచుకొన్న తెషీలో మద్దెలలు గోడకు మొగము త్రిప్పి పరుండగా, ప్రార్థనకు పోయినవారు చప్పట్లను చంకలో దాచుకొని పెదవులతో మాత్రమే పాడుచుండగా, పిండిమర సయితము తలుపు చేరవేసికొని గొణుగుచుండగా, ఒక మేడ కప్పుపై, నీళ్ళ ట్యాంకు నీడలో, ప్లాస్టిక్ కుర్చీయే సింహాసనముగా, సోల్డరింగ్ ఐరనే ఖడ్గముగా ఒక వీరవనిత కూర్చుండి యుండెను. ఆమె లార్యా వంశాబ్ధిచంద్రిక, తరంగవిద్యావిశారద, ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకుతో సయితము ఆకాశమును ఆలకింపగల దిట్ట. పేరు అమెర్లే.

ఆమె నిర్మించుచున్నది అల్పఘోష వర్ధకము. బెదరవలదు, అరచేతిలో ఇమిడెడి రేకు డబ్బా యది. దాని ధర్మము ఒక్కటే. పాలపుంతలోని వాయువు ఎన్నడో అన్న గుసగుసను రేకు గరాటు ద్వారా విని, తన సొంత గొణుగుడు ఒక్క పిసరైనను కలుపక, పెద్దది చేసి వినిపించుట. పాలలో నీళ్ళు కలుపకుండ కుండెడు పాలను పది కుండలు చేయుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

కొండ మీది కళాశాలలో, ఆమె పాఠము చెప్పుచోటనే, పాతబడిన ఉపగ్రహ డిష్ ఒకటి ఏనుగు చెవివలె నింగికి విప్పారి యున్నది. దానికి మరునాటి ఉదయము వర్ధకము అమర్చవలెను. ఏ వర్ధకము? అమెర్లే మూడు వర్షాకాలములు గీచి, చెరిపి, వ్రేళ్ళు కాల్చుకొని చేసిన రేకు డబ్బాయా? లేక తోటి ఉపాధ్యాయుడు, శీతలవచనుడు, ఇస్త్రీ చొక్కా ధారియగు అష్టే సోవా సముద్రముల కావలి నుండి తెప్పించిన వెండి డబ్బాయా? ఆ సాయంకాలము ఈ మేడపైననే పరీక్ష. ఓడినచో ఆమె డబ్బా సొరుగు పాలు. అంతకంటె ఘోరము మరొకటి కలదు. "మనవాళ్ళు చేసినవి ఇంతే" అను మాట కళాశాలలో శాశ్వతముగా కాపురము పెట్టును.

డబ్బా మంచిదే. మూత తెరచి యున్నంత సేపు అది మునివలె కూర్చుండును. మూత మూసిన మరునిమిషము అందులో రాక్షసుడు మేల్కొనును. డబ్బాలో గదులు రెండు; ముందు గది విని పెద్దది చేసిన దానిని వెనుక గది పలుకును, ఆ మాట మూతకు కొట్టుకొని తిరిగి ముందు గది చెవిలో పడును. ముందు గది అది ఆకాశవాణి యనుకొని మరల పెద్దది చేసి పలుకును. అది మరల మూతకు తగులును. తన మాట తానే విని తానే మెచ్చుకొను పెద్దమనిషి వలె డబ్బా ఆకాశమును మరచి, తన పాట తానే అందుకొనును. రిసీవరుకు తగిలించిన స్పీకరులో ఆ పాట కుక్కతోక తలుపున పడినట్లు వినబడును. మూత తీసి ఉంచరాదా యందురేమో. తీసినచో వీధి చివరి ఫోన్ స్తంభము ఊరి కబుర్లన్నియు అందులో కుమ్మరించును.

ఉదయము నుండి యుద్ధము. భూబంధనపు ఎర్తు తీగలను కురుచ చేసెను. గోరంత రాగి రేకును మధ్యన గోడగా నిలిపెను. చీమతలయంత రెసిస్టరును పట్టుకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, అది గాలికి పోకుండ కనురెప్పలు సయితము ఆర్పక అతికించెను. మూత మూసెను. కూత. తెరచెను. మౌనము. మూసెను. ఈ మారు కూత రాగము మార్చుకొని మరింత శ్రావ్యముగా వచ్చెను.

అంతట మెట్లపై చేతికర్ర చప్పుడు టకటకయని వినబడెను. మౌనమాసమును కావలి కాయు పెద్దలలో పెద్ద, తెల్లని వస్త్రము భుజమున వైచుకొని, మెడలో ఆకు దండతో, రొదను కుక్క ఎముకను పసికట్టినట్లు పసికట్టు నూమో ఒక్పోటి కప్పుపై ప్రత్యక్షమయ్యెను.

"ఎవరే పిల్లా ఆ కూత కూసింది?"

"నేను కాదు తాతా, డబ్బా."

"డబ్బానా. మా ఇంటిదీ అంతే, గిన్నె పడిందంటుంది గానీ పడేశాననదు."

"నిజం తాతా. ఇది తక్కువ రొద డబ్బా. రొద లేకుండా వినడానికే చేస్తున్నా."

నూమో చెవిలో చిటికెన వ్రేలు పెట్టి కదిపి, వ్రేలిని చూచుకొనెను. "ఇది తక్కువ రొదా? ఎక్కువ రొదది చేసే రోజు ముందే చెప్పు తల్లీ, పడవలెక్కి పోతాం."

"ఆ రొద వేరు. అది చెవికి వినపడదు."

"వినపడని రొద చేసుకో, నాకేం అడ్డం లేదు. రాత్రీ పగలూ చేసుకో. వినపడేదానితోనే నాకు పేచీ." అని కర్రతో స్పీకరును మెల్లగా తట్టెను. "ఇంకొక్కసారి ఇది అరిచిందంటే డబ్బా, ఇదీ రెండూ మా ఇంటికొస్తాయి. మద్దెల మోగిన రోజున వచ్చి తెచ్చుకుందువు గాని."

"రేపే దీన్ని డిష్‌కి పెట్టాలి తాతా."

"అయితే ఇవాళ నోరు మూయించు."

అప్పుడు అమెర్లే తన హృదయాంతరాళమున ఇట్లు ప్రతిజ్ఞ చేసెను: "ఓరీ ప్రతిధ్వని పిశాచమా! లార్యా వంశపు ఆడుబిడ్డను నేను. మా అవ్వలు ఉప్పెనకు ఎదురేగి వలలు లాగినవారు. సూర్యుడు వాలకముందే నీ కంఠమును నులిమి, నీవు నాకు వలసినప్పుడు మాత్రమే పలుకునట్లు చేయనేని, నేను ఈ ఐరన్‌ను మరల చేతపట్టను." బయటికి మాత్రము "అలాగే తాతా" అనెను.

ప్రతిజ్ఞలు ఆకలిని పెంచును. మధ్యాహ్నమునకు ఆమె క్రింద డెడెయ్ పిన్ని కొట్టునుండి కెంకీ తెచ్చుకొనెను. మొక్కజొన్న పొత్తి ఆకులలో చుట్టి ఉడికించిన పులిసిన పిండిముద్ద, ఆవిరి ఇంకను తగ్గలేదు, ప్రక్కన వేయించిన చేప, నల్లని షితో కారము. కంచము క్రింది ఇంట నున్నది. మరల దిగి ఎక్కుటకు ఓపిక లేకపోయెను. చేతికందునంత దూరమున డబ్బా మూత వెల్లకిలా పడియున్నది, అంచులు గలది, శుభ్రమైనది, కంచమునకు తమ్ముని వలె నున్నది. మూడు వర్షాకాలముల తపఃఫలమునకు కిరీటమైన ఆ మూతలో ఆమె కెంకీ విరిచి, షితోలో అద్ది, చేప ముల్లు తీసి, కడుపార తినెను. ఏ విశ్వవిద్యాలయమున చదివినను కెంకీ ముందు వ్రేళ్ళే పట్టభద్రులు.

చివరి ముద్ద నోటిలో నుండగనే మెట్లపై బూట్ల చప్పుడు. సోవా. ఎంగిలి మూత చూచినచో వాడు కళాశాల యంతయు చెప్పును. అమెర్లే వ్రేళ్ళు నాకికొని, మూతను చటుక్కున డబ్బాపై బోర్లించెను.

స్పీకరు కిక్కురుమనలేదు.

సోవా వచ్చెను, సంచి దించెను, మీటరు దింపెను. స్పీకరు మౌనముగనే యుండెను. అమెర్లే గుండె మద్దెలయ్యెను, అదృష్టవశమున అది లోపలి మద్దెల. "రాగి గోడ పని చేసినది" అని మనసులో ఉప్పొంగెను. ఇక్కడ, శ్రోతలారా, మహావీరులందరు చేయు పొరపాటునే ఆమెయు చేసెను. గెలిచినదెవరో తెలిసికొనకయే గెలుపును తన ఖాతాలో వేసికొనెను. సోవా ట్యాంకు చాటున చొక్కా సర్దుకొనుచుండగా, పరువు కాపాడుకొనవలెనని మూత తీసి, లోపల అంటుకొన్న కెంకీ మెతుకులను గుడ్డతో తుడిచి, స్పిరిట్ పోసి రుద్ది, అద్దమువలె మెరయించి ప్రక్కన పెట్టెను.

"ఏంటక్కా, చేప వాసన?" అనెను సోవా.

"సముద్రం పక్కనే ఉంది నాయనా."

"షితో వాసన కూడా సముద్రానిదేనా?"

"పరీక్ష మొదలుపెడదామా, ముక్కు పోటీయా?"

పరీక్షాక్రమము మహాసులభము. ఆకాశము చల్లనిది, నేల వెచ్చనిది. గరాటును నింగికి ఎత్తిన మీటరులో రొద తగ్గవలెను, నేలకు వంచిన పెరగవలెను. డబ్బా సొంత గొణుగుడు ఎంత తక్కువైన ఆ రెంటి నడుమ తేడా అంత పెద్దదగును. ఎవరి తేడా పెద్దదో వారిది డిష్. సోవా ఒక షరతు పెట్టెను. "స్పీకరు తీసెయ్యడం లేదు. నోరు కట్టేసి నా బిడ్డ బుద్ధిమంతుడంటే కుదరదు."

"తియ్యను. నా బిడ్డ నోరు నీ బిడ్డ నోటికంటే మంచిది."

మొదట వెండి డబ్బా. నింగికి ఎత్తిరి, నేలకు వంచిరి. తేడా ఎనిమిది పాయింట్ రెండు డెసిబెళ్ళు. సోవా చేతిరుమాలుతో డబ్బాకు పట్టని చెమట తుడిచెను.

పిమ్మట అమెర్లే తన డబ్బా బిగించి, మెరయు మూతను శిరస్త్రాణమువలె దానిపై నుంచి, నొక్కెను.

ఆహా, ఆ కూతను ఏమని వర్ణింతును. నీళ్ళ ట్యాంకుపై కాకి ఎగిరిపోయెను. ప్రక్క మేడపై ఆరవేసిన చొక్కాలు ఉలికిపడినట్లు ఊగెను. సోవా చెవులు మూసికొని నవ్వు మాత్రము మూయలేకపోయెను. అమెర్లే స్విచ్ కొట్టునంతలోనే మెట్లపై చేతికర్ర రెండేసి మెట్లు ఎక్కుచు వచ్చెను.

 నూమో భుజముపై వస్త్రము తీసి పరచెను. డబ్బా దానిలో పెట్టుమని చూపెను.

అమెర్లే చేయి డబ్బాపై నుండి లేవలేదు. ఆమె కన్నులు మాత్రము నేలపై పడియున్న గుడ్డను చూచెను. స్పిరిట్ వాసన. తెల్లని పిండి. అప్పుడు, మేఘముల నడుమ మెరుపు వలె, ఆమెకు స్ఫురించెను. రాగి గోడ కాదు. కెంకీ. తడి ముద్ద తరంగములను మింగును. మూతకు తగిలి తిరిగి రావలసిన మాట బురదలో దిగబడిన కాలివలె ఆ ముద్దలో దిగబడి అచటనే చచ్చెను. తన శత్రువును చంపిన వీరుని తానే స్పిరిట్ పోసి తుడిచివేసినది.

"తాతా," అనెను మెల్లగా, "ఇది ఆకలికి ఏడుస్తోంది."

"ఏంటి?"

"డబ్బా. దీనికి కెంకీ కావాలి. ఒక్క ముద్ద పెట్టనివ్వు. అప్పటికీ ఏడిస్తే తీసుకుపో."

సోవా పకపక నవ్వెను. నూమో నవ్వలేదు. ఆకలిని వెక్కిరించుటకే ఏటేట పండుగ చేసికొను జాతి పెద్ద ఆయన. ఆకలియను మాట విన్న తరువాత వస్త్రము ముడి వేయుటకు ఆయన చేతులు రాలేదు. "మూగజీవాలు ఆకలికేడిస్తే విన్నాను గానీ," అని గొణిగి, "సరే, పెట్టి చూడు."

"నాది అయిపోయింది. సోవా, నీ సంచిలో ఉందిగా."

సోవా సంచిని కడుపునకు హత్తుకొనెను. "అది నా భోజనం."

"నీ భోజనంతో నిన్నే ఓడిస్తానని భయమా?"

"అడిగితే తిండి లేదనే కొంపలో పుట్టావట్రా?" అనెను నూమో.

సోవా సిగ్గుతో పొట్లము విప్పెను. విప్పగనే నూమో మొగము మారిపోయెను. పొత్తి ఆకు కాదు, అరటి ఆకు. అది పడమటి తీరపు ఫాంటే జాతివారి కెంకీ.

"ఇదేంట్రా, తెషీ వాడివై ఉండి?"

"మా ఆవిడది కేప్ కోస్ట్, నూమో. పెట్టింది తింటున్నా."

"పాపం. రోజూ ఇదేనా?"

"ఆదివారాలు కూడా."

అమెర్లే ముద్దను విరిచి మూత లోపల అతికించి మూసెను. కూత రాలేదు గాని, తలుపు సందున పడిన పిల్లి వలె సన్నని మూలుగు వచ్చెను. మీటరు ముల్లు మత్తులో నున్నవానివలె తూగెను. నూమో తల పంకించెను. "ఉప్పు వెయ్యరు ఫాంటేలు. చప్పిడి కెంకీ దేని నోరు మూయిస్తుంది?"

నిజమును హాస్యముగా చెప్పు పెద్దలు ధన్యులు. అమెర్లే నుదురు కొట్టుకొనెను. ఉప్పునీరు చప్పిడి నీటికంటె తరంగములను ఎక్కువ మింగునని ఆమె ఏటేట పాఠము చెప్పుచున్నది. "మన కెంకీ కావాలి తాతా. డెడెయ్ పిన్నిది."

డెడెయ్ పిన్ని సరిగ్గా క్రిందనే, వీధి కావల, బానకడుపు కుండ ముందు కూర్చుండి యుండెను. పిలిచిన వినబడును. కాని పిలుచుటెట్లు? కేక వేయరాదని శాసించినవాడు తానే ప్రక్కన నిలిచియున్నాడు. నూమో పిట్టగోడపై వంగి, రెండు చేతులతో గాలిలో గుండ్రని ముద్దను చూపి, అరచేతులతో దానిని తట్టెను. పిన్ని తలయెత్తి చూచి, కండ్లెఱ్ఱ చేసి చూపుడు వ్రేలు ఆడించెను. ఈ నెలలో మద్దెలా, పెద్దవాడివి నీకే తెలియదా యని ఆ వ్రేలు అడుగుచుండెను. నూమో నోటికి చేయి చూపెను. పిన్ని చేపను ఎత్తి చూపెను. నూమో కాదని తల ఊపెను. పిన్ని మరింత పెద్ద చేపను ఎత్తెను.

అప్పుడు సోవా, తాను ఎవరి పక్షమో మరచి, అరటి ఆకు పొట్లమును గాలిలో ఎత్తి ఊపెను. పిన్ని చూచెను. తన కొట్టు ఎదుటి మేడపై, తన కండ్ల ముందట, ఫాంటే కెంకీ. ఆమె ముక్కుపుటములు అదరెను. కుండ మూత తీసి, ఆవిరి చిమ్ముచున్న పొత్తి ఆకు ముద్దను ఎంచి, నడుము తిప్పి, చెంగు బిగించి, శత్రువు కోటపై అగ్నిగోళము విసరినట్లు విసరెను. అది పిట్టగోడ దాటి వచ్చుచుండగా కుర్రతనమున గోలుకీపరుగా పేరుపొందిన సోవా ఎగిరి రెండు చేతుల పట్టెను. పట్టి, ఉఫ్ ఉఫ్ అనుచు కుడిచేతి నుండి ఎడమచేతికి, ఎడమ నుండి కుడికి మార్చుచు, ప్రత్యర్థికి తానే ఆయుధమందించెను.

"కాలింది అక్కా, తీసుకో."

ఇక్కడ నైపుణ్యము కావలెను. ముద్ద ముందు గది పైన పెట్టిన యెడల దాని వెచ్చదనమే రొదయై గుసగుసలో కలియును, పెద్దదైన యెడల మంచి మాటను సయితము మింగును. అమెర్లే బొటనవ్రేలి కొనయంత గిల్లి, చల్లార్చి, వెనుక గది నెత్తిన పడునట్లు మూతకు అద్ది, అంచులు సర్ది, మూత మూసి, స్విచ్ వేసెను.

ఏమియు లేదు. వర్షము ముందు ఇసుకపై వచ్చు చిన్న సవ్వడి వంటి సన్నని సరసర తప్ప ఏమియు లేదు. నూమో చెవిని స్పీకరునకు ఆనించెను. "ఏంటిది?"

"ఆకాశం, తాతా. పైనుంచి వచ్చేది ఇంతే."

"ఇది చేసుకోవచ్చు," అనెను నూమో. పరచిన వస్త్రమును తీసి, దులిపి, భుజమున వేసికొనెను.

గరాటును నింగికి ఎత్తిరి. ముల్లు దిగెను. నేలకు వంచిరి. ముల్లు లేచెను, లేచెను, సోవా డబ్బా చేరిన గీత వద్ద క్షణకాలము ఆయాసము తీర్చుకొని, వెంట్రుకవాసి దాటి నిలిచెను. మూడు మారులు చేసిరి. మూడు మారులును ఎనిమిది పాయింట్ మూడు.

సోవా మీటరును తట్టెను, తీగలను కదిపెను, వంగి చూచెను, నిలువుగా చూచెను. చివరకు సంచి సర్దుకొనుచు అనెను, "సరే అక్కా, రేపు డిష్‌కి నీదే. కానీ రేపటికి ఆ ముద్ద ఎండిపోతుందే?"

 నూమో అందుకొనెను.

"ఎండితే కొత్తది పెడుతుంది. మనం మాత్రం ఒక్కసారి తిని ఊరుకుంటున్నామా?"

విజయము సిద్ధించినది గాని విజయఘోష చేయుటకు వీలులేదు. అమెర్లే రెండు చేతులు ఎత్తి చప్పట్లు కొట్టబోయి, అరచేతులను అంగుళము దూరమున ఆపెను. నూమో కర్ర ఎత్తి నేలపై కొట్టబోయి, గాలిలోనే నిలిపి దించెను. సోవా తానును రెండు చేతులు కలుపబోయి గాలిలోనే ఆపెను, అవి ఇంకను మండుచుండెను. క్రింద నుండి డెడెయ్ పిన్ని గడ్డమెగురవేసి ఏమైనదని అడిగెను. అమెర్లే పిట్టగోడపై వంగి గాలితో, పెదవులతో చెప్పెను, "పదో వంతు గెలిచాం పిన్నీ."

పిన్ని ప్రక్కనున్న చేపలామె చెవిలో చెప్పెను. ఆమె వలలు కుట్టువానికి చెప్పెను. మాట గుసగుసగనే సాగెను, ఎవ్వరును నియమము తప్పలేదు. కాని ప్రతి చెవియు తన పిసరు తాను కలిపెను. వీధి మలుపు వద్ద పదో వంతు పదింతలయ్యెను. పడవల రేవు చేరునప్పటికి అమెర్లే ఆకాశము నుండి దిగిన పది భూతములను ఒక్క కెంకీ ముద్దతో డబ్బాలో బంధించెననియు, సోవా కాళ్ళపై పడెననియు స్థిరపడెను. పిసరు చేర్చక మాట మోయుట ఎంత కష్టమో తెలిసిన ఒకే ఒక్క డబ్బా మాత్రము, మేడపైన, మూత క్రింద ముద్దతో, నోరు మెదపక వినుచుండెను.

కావున సత్యమును నేను ఇచట చాటుచున్నాను, అదియు మెల్లగనే. తెషీ తీరమున, మౌనమాసమున, లార్యా వంశపు అమెర్లే, ఉప్పు వేసిన కెంకీ సహాయమున, సముద్రముల కావలి డబ్బాను సంపూర్ణముగా, నిస్సంశయముగా, ఒక డెసిబెల్‌లో పదవ వంతున జయించెను. అంతకు పిసరు ఎక్కువ కాదు, తక్కువ కాదు.